రోదసిలో బొమ్మల పెళ్లి

నవంబరు 22న జర్మనీలో ఒక బొమ్మ పుట్టినరోజు. ఎత్తు 24 సెంటీమీటర్లు, నెత్తిన కోసు టోపీ, తెల్లటి మేకగడ్డం, చేతిలో ఇసుక సంచీ. పేరు సాండ్‌మన్. 1959లో ఆ తేదీన తూర్పు జర్మనీ టీవీలో మొదటిసారి కనిపించాడు. పిల్లల కళ్లలో చిటికెడు ఇసుక చల్లి నిద్రపుచ్చి పోవడం ఆయన ఉద్యోగం. పుట్టినరోజు సాకుతో ఆయన గురించి రాయాలని నాకు ఎప్పణ్ణుంచో కోరిక.

పసివాళ్లను పడుకోబెట్టే తంటా చాలా పాతది. బాబిలోనియా మట్టిపలక మీద దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి జోలపాట ఒకటి దొరికింది. అందులో బుజ్జగింపు కన్నా గద్దింపే ఎక్కువ. నీ ఏడుపుకి ఇంటి దేవుడికి నిద్రాభంగమైందని బిడ్డ మీద ఫిర్యాదు! అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1816కి వచ్చేద్దాం. మధ్యలో తల్లులు బిడ్డల్ని నిద్రపుచ్చలేదని కాదు. రాసిపెట్టే తీరిక వాళ్లకు లేదు, తీరికున్న మగవాళ్లకు అది పట్టలేదు.

1816లో హాఫ్‌మన్ అనే జర్మన్ రచయిత కథలో సాండ్‌మన్ మన బూచాడికి అన్నగారు. నిద్రపోని పిల్లల కళ్లు ఊడబెరికి, చందమామ మీదున్న తన పిల్లలకు మేతగా పట్టుకుపోతాడు. పాతికేళ్ల తర్వాత డెన్మార్కులో ఆండర్సన్ అలాంటి ముసలాయన చేతికే రెండు గొడుగులిచ్చి మంచివాణ్ణి చేశాడు. బుద్ధిమంతులకు రంగుల గొడుగు, కలలు. అల్లరివాళ్లకు ఉత్త గొడుగు, కలల్లేని నిద్ర.

ఇక 1959. పశ్చిమ బెర్లిన్ టీవీ డిసెంబరు 1 నుంచి సాండ్‌మన్ కార్యక్రమం మొదలెడుతోందని తూర్పు వాళ్ల చెవిన పడింది. దాన్ని తలపెట్టిన ఇల్జె ఒబ్రిగ్ అంతకుముందు తూర్పున పనిచేసి అటు వెళ్లినావిడ. అంతే, పంతం పట్టారు. గెర్‌హార్ట్ బేరెంట్ అనే బొమ్మల కళాకారుడు హడావిడిగా బొమ్మ తయారుచేశాడు. తూర్పు సాండ్‌మన్ తొమ్మిది రోజుల ముందే తెర మీదికొచ్చాడు. ప్రచ్ఛన్న యుద్ధంలో తూర్పు వాళ్లు గెలిచినవి కొన్నే, అందులో ఇదొకటి.

అప్పట్లో కథ చివర సాండ్‌మన్ తానే అలిసిపోయి వీధి మూల కూలబడి నిద్రపోయాడు. అది చూసిన పిల్లలు టీవీ వాళ్లకు ఉత్తరాలు రాశారు: పాపం, చలిలో పడుకున్నాడు, మా మంచం ఇస్తాం, రమ్మనండి అని.

అక్కడి ఇళ్లల్లో సాయంత్రాలకు ఆయనే గడియారం. అమ్మ, నాన్న ఇద్దరూ పనికి పోయేవాళ్లే. ఎనభైల చివరికి పనిచేసే వయసు ఆడవాళ్లలో పదింట తొమ్మిది మంది ఉద్యోగంలోనో చదువులోనో ఉన్నారు. పొద్దున్నే బిడ్డను శిశుశాలలో దింపడం, సాయంత్రం తెచ్చుకోవడం, దారిలో కొట్టు ముందు వరస. రాత్రికి పొయ్యి వెలిగించే పని లేదు: రొట్టె ముక్కలు, వెన్న, చీజు, సాసేజి, ఊరబెట్టిన దోసకాయ. పళ్లు తోముకుని, రాత్రి బట్టలు వేసుకుని, ఏడింటికి పది నిమిషాలుండగా టీవీ ముందుకి. సాండ్‌మన్ ఒకరోజు హెలికాప్టర్లో దిగుతాడు, ఒకరోజు బెలూన్లో, ఇంకోరోజు రాకెట్లో. చూసే పిల్లల అమ్మానాన్నలకు మాత్రం పక్క వీధిలోని బెర్లిన్ గోడ దాటే వీల్లేదు. చిన్న కథ చూపిస్తాడు, ఇసుక చల్లుతాడు, వెళ్లిపోతాడు. మొత్తం పది నిమిషాలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 1978 ఆగస్టు ముచ్చట. రోదసిలోకి వెళ్లిన తొలి జర్మన్ జీగ్‌ముంట్ యేన్ తనతో సాండ్‌మన్‌ను పట్టుకెళ్లాడు, పిల్లలకు అక్కణ్ణుంచి చూపించాలని. సల్యూత్-6 కేంద్రంలో రష్యన్ల దగ్గర మాషా అనే ఆడబొమ్మ ఉంది. ఇంకేముంది, వ్యోమగాములు ఇద్దరికీ పెళ్లి చేసేశారు! భూమికి మూడు వందల కిలోమీటర్ల పైన, బరువు లేనిచోట, చదువుకున్న పెద్దమనుషులు బొమ్మల పెళ్లి ఆడుకున్నారు. కింద టీవీ అధికారులకు మాత్రం ఈ వియ్యం నచ్చలేదంటారు. ఊరి పిల్లలందరి తాత ఉన్నట్టుండి సంసారి అయితే ఎలా? యేన్‌ను రోదసికి పంపిన ఇంటర్‌కాస్మోస్ పథకంలోనే ఆరేళ్ల తర్వాత హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన మన రాకేశ్ శర్మ కూడా పైకెళ్లాడు. వెంట బొమ్మను తీసుకెళ్లాలని మనవాళ్లెవరికీ తోచినట్టు లేదు.

1989 మార్చిలో పశ్చిమ సాండ్‌మన్‌ను ఆపేశారు. నవంబరులో గోడ కూలింది. మరుసటేడు తూర్పు జర్మనీ దేశమే లేకుండా పోయింది. దాని టీవీని మూసేస్తుంటే తల్లిదండ్రులు గొడవపెట్టి సాండ్‌మన్‌ను దక్కించుకున్నారు. 2003లో వచ్చిన ‘గుడ్‌బై లెనిన్’ సినిమాలో పశ్చిమ బెర్లిన్ ఇంట్లో పిల్లలు టీవీలో చూసేది ఈ తూర్పాయన్నే. ఇప్పటికీ ఏడింటికి పది నిమిషాలుండగా వస్తాడు.

వస్తాడు గానీ, ఆయన కోసం ఎవరూ ఆగక్కర్లేదు. ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు. బెర్లిన్‌లో ఉంటున్న మా పిన్ని కూతురి ఇంట్లోనైతే సాండ్‌మన్ టైముకి మా పిన్ని వస్తుంది, వీడియో కాల్‌లో. చలికాలం అక్కడ ఏడు కావస్తుంటే విజయవాడలో రాత్రి పదకొండూ ఇరవై. మనవడికి కథ చెబుతూ ఆవిడే కునికిపాట్లు. వాడు ఫోన్లో అమ్మమ్మను కేకేసి లేపుతాడు. జర్మన్ పిల్లల్లా ఏడింటికే పడుకోబెట్టలేవా అని మా చెల్లిని అడిగాను.

“పడుకోబెడతాలే అన్నయ్యా. తెల్లారి అయిదింటికి లేస్తాడు, నువ్వొచ్చి ఆడించు.”