మధుమేహం - పనిచోట సౌకర్యాలు

మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్న ఉద్యోగికి పనిచోట కావలసిన వెసులుబాట్లు స్వల్పమైనవే: వేళకు ఆహారం, రక్తపరీక్షకు, ఇన్సులిన్ తీసుకొనుటకు కొద్దిపాటి విరామం. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినచో చెమట, వణుకు, తికమక కలుగుతాయి. దీనిని మద్యం మత్తుగా పొరబడడం కద్దు. స్పృహలో ఉంటే వెంటనే 15 గ్రాముల చక్కెర తీసుకొని, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. సమావేశం ముగిసేవరకు ఆగమనడం ప్రమాదకరం.

అమెరికాలో 2008 నాటి చట్టసవరణతో మధుమేహానికి వైకల్య చట్టపు రక్షణ స్థిరపడింది. భారతదేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఇది లేదు. అయితే ఈ వ్యాధి వలన రెటీనా దెబ్బతిని చూపు బాగా మందగించినవారు అల్పదృష్టి క్రింద ఆ చట్టం పరిధిలోకి రావచ్చు. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్టువేరు వీరికి ఉపకరిస్తుంది. అంకెలు మాత్రమే చూపే గ్లూకోజ్ మీటరుకు బదులు ఫలితాన్ని పైకి చెప్పే మీటర్లూ ఉన్నాయి.