బాప్తిస్మ రిజిస్టర్లు: ఇంగ్లండు కుటుంబ చరిత్రకు ఆధారం, ఆ ఆధారానికి హద్దులు

ఇంగ్లండులో 1837 జులైలో ప్రభుత్వ జనన నమోదు మొదలయ్యేదాకా, సామాన్య కుటుంబాల వంశక్రమానికి ప్రధాన ఆధారం పారిష్ చర్చి బాప్తిస్మ రిజిస్టరు. పారిష్ అంటే ఒక మతగురువు బాధ్యతలో ఉండే ప్రాంతం. తెలుగు కతోలికులు దీనినే విచారణ అంటారు. భూస్వాములకు వీలునామాలు, దస్తావేజులు ఉండగా, కూలీలలోనూ చేతివృత్తులవారిలోనూ చాలామంది పేరు చర్చి రిజిస్టరులో తప్ప మరెక్కడా మిగలలేదు. అయితే ఈ పుస్తకాలు వంశవృక్షాల కోసం పుట్టినవి కావు కనుక, ఏ నమోదునైనా అది రాసిన నాటి చట్టంతో, ఆచారంతో కలిపి చదివినప్పుడే నమ్మదగిన సాక్ష్యమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి పారిష్‌లో వారం వారం నమోదు కావాలని ఆదేశించాడు. తొలి నమోదులు ఎక్కువగా కాగితంపైనే ఉన్నందువల్ల, వాటిని చర్మపత్రాలపైకి ఎత్తిరాయాలని, ముఖ్యంగా మొదటి ఎలిజబెత్ గద్దెనెక్కిన 1558 నుంచి ఉన్నవాటిని రాయాలని 1598లో ఉత్తరువు వచ్చింది. ఆ వెసులుబాటు వల్లే చాలా రిజిస్టర్లు నేడు 1558తో మొదలవుతాయి. ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం కూడా అప్పుడే స్థిరపడింది. మూల పుస్తకం చెమ్మకు పాడైనచోట ఈ నకలే దిక్కు, రెండూ ఉన్నచోట వాటిని పోల్చిచూడడం పరిశోధకుడి విధి.

తేదీల దగ్గరే మొదటి చిక్కు ఎదురవుతుంది. 1752కు ముందు ఇంగ్లండులో చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక జంట పెళ్లి 1720 మే నెలలోనూ, వారి తొలి బిడ్డ బాప్తిస్మం 1720 ఫిబ్రవరిలోనూ నమోదై ఉంటే, నేటి లెక్కతో చదివినవారు బిడ్డ పెళ్లికి ముందే పుట్టిందని పొరబడతారు; కానీ ఆనాటి ఫిబ్రవరి సంవత్సరాంతంలో, అంటే మన లెక్కకు 1721లో వస్తుంది కాబట్టి, ఆ బాప్తిస్మం పెళ్లయిన తొమ్మిది నెలలకు జరిగింది. అందుకే పరిశోధకులు ఇలాంటి తేదీని 1720/21 అని రాసుకుంటారు.

నమోదులోని వివరాలు కూడా కాలాన్నిబట్టి మారాయి. తొలి శతాబ్దాల్లో బిడ్డ పేరు, తండ్రి పేరు తప్ప మరేమీ లేని నమోదులు అనేకం. 1812 నాటి చట్టం వల్ల మరుసటి ఏడాది నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి; పేజీకి ఎనిమిది నమోదులు పట్టే ఈ పుస్తకంలో బాప్తిస్మ తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, వృత్తి, క్రతువు జరిపిన గురువు పేరు అనే గడులు వరసగా ఉంటాయి. ఒకే పేరున్న ఇద్దరు తండ్రులలో నేతగాడు ఎవరో, కమ్మరి ఎవరో వృత్తి గడి తేల్చిచెబుతుంది. కానీ పుట్టిన తేదీకీ, తల్లి పుట్టింటి ఇంటిపేరుకూ అందులో గడి లేదు. అలాగే 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుపైనా మూడు పెన్నీల పన్ను ఉండి, నిరుపేదలకు మినహాయింపు ఇచ్చినందువల్ల, ఆ ఏళ్లలో కనిపించే ‘నిరుపేద’ అన్న గుర్తును కుటుంబ ఆర్థిక స్థితికి తిరుగులేని రుజువుగా తీసుకోరాదు.

పేరు దొరకకపోవడానికీ కారణాలుంటాయి. శిశు బాప్తిస్మాన్ని అంగీకరించని బాప్టిస్టులు, ఏ బాప్తిస్మమూ పాటించని క్వేకర్లు తమ పిల్లల జననాలను వేరే పుస్తకాల్లో రాసుకున్నారు. పేరు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. చనిపోయిన శిశువు పేరే తరువాతి బిడ్డకు పెట్టడం మామూలు కనుక, ఖననాల రిజిస్టరు చూడకుండా తొలి బిడ్డనే పూర్వీకుడిగా నిర్ధారిస్తే ఆపై కట్టిన వంశవృక్షమంతా తప్పవుతుంది.

ఈ పద్ధతి తెలుగు నేలకూ వర్తిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి నమోదుల నకళ్లు 1698 నుంచి లండన్‌కు చేరాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ సంపుటాల్లో మచిలీపట్నం, విశాఖపట్నాలలో బతికిన ఐరోపా, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల జాడలను వెదకవచ్చు. అక్కడైనా, ఇంగ్లండు పల్లెలోనైనా, ఒక బాప్తిస్మపు నమోదును పెళ్లి, ఖననం, వీలునామాలతో సరిపోల్చాకే తరానికి తరాన్ని ముడివేయాలి. పేరు తప్ప మరో గుర్తు మిగలని మనుషులకు పరిశోధకుడు చేయగల న్యాయం అదే.