షుగరు 280: ఎవరికి ఎంత ప్రమాదం?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తికీ మిరపకూ మందు కొట్టే రోజుల్లో, స్పృహ లేని మనిషిని ఆసుపత్రికి మోసుకొస్తే ముందుగా వేలికొన గుచ్చి షుగరు చూస్తారు. 280 ఉందనుకుందాం. అతనికి మొదటినుంచీ షుగరు జబ్బు ఉందా? లేక పురుగుమందు ఒంట్లోకి చేరి పెరిగిందా? ఆర్గానోఫాస్ఫేట్ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణిచేస్తాయి. ఆ దెబ్బకు ఒత్తిడి హార్మోన్లు ఎగదన్ని, జబ్బు లేనివాళ్లకూ షుగరు పెరుగుతుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసి, అప్పులు మీదపడి, ఈ రెండు జిల్లాల్లో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగుమందు కేసు ఇక్కడి ఆసుపత్రులకు కొత్త కాదు. ఆ అంకెను చదవడం మాత్రం వైద్యం చాలా ఆలస్యంగా నేర్చుకుంది.

కష్టకాలంలో శరీరమే షుగరు పెంచుకుంటుందని 1870లలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ గమనించాడు. అంతకుముందే, 1843లో, జర్మన్ వైద్యుడు షేరర్ బాలింత జ్వరంతో చనిపోయినవారి రక్తంలో లాక్టిక్ ఆమ్లం కనుగొన్నాడు. కానీ అప్పట్లో పరీక్షలకు రక్తం ఎక్కువ కావాలి, సమయమూ పట్టేది. కొద్ది రక్తంతోనే రంగును బట్టి లెక్కకట్టే పద్ధతులు 1920 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఫోలిన్ చేతుల మీదుగా స్థిరపడ్డాయి. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు చేరింది అక్కడికే. ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష దశాబ్దాలపాటు ప్రపంచమంతా వాడింది. షుగరు రోగి కీటోఎసిడోసిస్‌తో ఐసీయూలో చేరినప్పుడు ఇన్సులిన్ ఇవ్వగానే ఫాస్ఫేట్ కణాల్లోకి జారుకుంటుంది. రక్తంలో మరీ తగ్గితే ఊపిరి తీసే కండరాలే సడలిపోతాయి. సుబ్బారావును మందుల పేర్లతోనే తలుచుకుంటాం గానీ, ఈ పరీక్షా అంత గొప్పదేనని నా నమ్మకం.

1964లో బ్రోడర్, వైల్ షాక్‌లో ఉన్నవారిలో లాక్టేట్, అంటే షేరర్ చూసిన ఆ లాక్టిక్ ఆమ్లమే, ఎంత ఎక్కువైతే బతికే అవకాశం అంత తక్కువని చూపారు. ఇవాళ ఒక్కసారి చూసి వదలకుండా, కొన్ని గంటల్లో అది దిగుతోందా లేదా అని చూస్తున్నారు. మెట్‌ఫార్మిన్ వాడుతూ కిడ్నీలు దెబ్బతిన్న షుగరు రోగిలో మాత్రం ఆ మందువల్లా లాక్టేట్ పెరగవచ్చు.

అసలు మలుపు 1968లో వచ్చింది. షుగరు రోగుల హిమోగ్లోబిన్‌లో తేడా ఉందని టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ గుర్తించాడు. మనవాళ్లు మూడు నెలల షుగరు పరీక్ష అంటున్న హెచ్‌బీఏ1సీకి పునాది అదే. ఐసీయూ మాత్రం చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. 2001లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు షుగరును 80-110 మధ్య కట్టడి చేస్తే మరణాలు తగ్గాయనగానే అందరూ అటు పరుగెత్తారు. 2009లో 6,104 మందితో జరిగిన నైస్-షుగర్ అధ్యయనం ఆ పరుగును ఆపింది: కఠినంగా తగ్గించినవారిలో 27.5 శాతం, మామూలుగా చూసినవారిలో 24.9 శాతం చనిపోయారు.

ఇంతకన్నా నన్ను కుదిపింది 2002లో అట్లాంటా నుంచి ఉంపియెర్రెజ్ బృందం ఇచ్చిన లెక్క. షుగరు జబ్బు ఉన్నట్టు ముందే తెలిసినవారిలో ఆసుపత్రి మరణాలు 3 శాతం. షుగరు కొత్తగా బయటపడినవారిలో 16 శాతం. 2011లో ఎగి, బెల్లోమో బృందం మరో అడుగు వేసింది. హెచ్‌బీఏ1సీ ముందునుంచే ఎక్కువగా ఉన్నవారిలో ఐసీయూలో షుగరు కాస్త ఎక్కువున్నా మరణాలు పెరగలేదు, పైగా తగ్గినట్టు కనిపించింది. ఎక్కువ షుగరుకు అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారి దించితే తట్టుకోలేదేమో.

2015లో ఆస్ట్రేలియాలో రాబర్ట్స్ బృందం ఈ తేడాను ఒక నిష్పత్తిగా మార్చింది: చేరినప్పటి షుగరును, హెచ్‌బీఏ1సీ చెప్పే సగటు షుగరుతో భాగించడం. మన 280 వ్యక్తికి హెచ్‌బీఏ1సీ 10 అయితే సగటు సుమారు 240, నిష్పత్తి 1.17. హెచ్‌బీఏ1సీ 6 అయితే సగటు సుమారు 125, నిష్పత్తి 2.2 దాటుతుంది. షుగరు అంకె ఒకటే, కానీ ఆందోళన పడాల్సింది రెండోవాడి గురించి. పురుగుమందు అనుమానం ఉంటే కోలినెస్టరేజ్ కూడా చూడాలి. అయితే ఏ మందు చేరిందో తెలియకుండా ఆ ఒక్క అంకెతో బతుకు చావులు తేల్చలేం.

ఈ నిష్పత్తికీ ఒక చిక్కుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ లేనిపోనంత ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం ఎక్కించాక తగ్గిపోవచ్చు, కిడ్నీ జబ్బులోనూ నమ్మకంగా ఉండదు. మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లలో రక్తహీనత ఎందరికి ఉంటుందో ఊళ్లో వైద్యం చేసేవాళ్లకు తెలుసు. అందుకే రక్తం ఎక్కించకముందే హెచ్‌బీఏ1సీకి నమూనా తీసి పక్కన పెట్టాలి, దానితోపాటే హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి.