చమురు లెక్క: ఎవరు రాయాలి, ఎవరు దిద్దాలి?

ఉత్తర సముద్రంలో నార్వే వైపున ఉన్న వోల్వె చమురు క్షేత్రం 2008 నుంచి 2016 దాకా పనిచేసి మూతపడింది. 2018లో ఈక్వినార్ కంపెనీ ఆ క్షేత్రానికి సంబంధించిన సుమారు 40 వేల ఫైళ్లను విద్యార్థులూ పరిశోధకులూ వాడుకునేందుకు బయటపెట్టింది. వాటిలో ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. బావి పేరు, తేదీ, ఆ రోజు బావి ఎన్ని గంటలు పారింది, అడుగున పీడనం ఎంత, పారుదలను అదుపుచేసే చోక్ వాల్వు ఎంతవరకు తెరిచారు, చమురెంత, గ్యాసెంత, నీరెంత. ఒక్కో బావికి రోజుకు ఒక్కో వరుస. చూడటానికి ఇంతకంటే నిస్సారమైన కాగితం ఉండదు.

కానీ రాయల్టీ, పన్ను, భాగస్వాముల వాటాలు, బావిని ఉంచాలా మూసేయాలా అన్న నిర్ణయం, అన్నీ ఇలాంటి వరుసల మీదే నిలబడతాయి. కాబట్టి ఆ అంకెను ఎవరు రాయాలి, ఎవరు దిద్దవచ్చు, ఎవరు చూసి ఊరుకోవాలి అన్న పేచీ చమురు వ్యాపారమంత పాతది. ఇవాళ ఉత్పత్తి సాఫ్ట్‌వేర్లలో యూజర్ యాక్సెస్ అని పిలిచే ఏర్పాటుకు మూలాలు కంప్యూటర్ల కంటే చాలా ముందే ఉన్నాయి.

కొసరుతో మొదలైన కొలత

1859 ఆగస్టు 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్విస్తున్న బావిలో 69 అడుగుల పైచిలుకు లోతున చమురు పడింది. దాన్ని పట్టడానికి సరైన పాత్రలే లేవు. విస్కీ పీపాలు, చేపల పీపాలు, ఏది దొరికితే అందులో నింపారు. ఒక్కో పీపా ఒక్కో కొలత. కొన్నవాడు ఎప్పుడూ తక్కువొచ్చిందనే అనేవాడు. ఆ గొడవ తీరడానికి 1866లో ఉత్పత్తిదారులు ఒక మాట మీదికొచ్చారు. పీపాకు 40 గ్యాలన్లు, దారిలో కారిపోయేదానికీ ఆవిరయ్యేదానికీ కొసరుగా మరో 2 గ్యాలన్లు. 1872లో వాళ్ల సంఘం ఆ 42 గ్యాలన్లనే ఖాయం చేసింది. నేటికీ ప్రపంచం చమురు ధర చెప్పుకునే బ్యారెల్ అదే, దాదాపు 159 లీటర్లు.

తర్వాత చమురు పీపాల్లోంచి పెద్ద ట్యాంకుల్లోకి, ట్యాంకుల్లోంచి పైపులైన్లలోకి మళ్లింది. దాంతో కొలిచే పద్ధతీ మారింది. చివర బరువు కట్టిన ఉక్కు టేపును ట్యాంకు పైనుంచి అడుగుదాకా దింపి, ఎక్కడిదాకా తడిసిందో చూసేవాళ్లు. ఆ ఎత్తుకు ఎన్ని బ్యారెళ్లో ట్యాంకును ముందే కొలిచి తయారుచేసిన పట్టికలో ఉండేది. అడుగున చేరిన నీటినీ మడ్డినీ తీసేయాలి. వేడికి చమురు వ్యాకోచిస్తుంది కనుక లెక్కను 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సరిచేయాలి.

ఇదంతా ఒక చీటీ మీద రాసేవాళ్లు. దాని పేరు రన్ టికెట్. ట్యాంకు తెరిచినప్పటి మట్టం, మూసినప్పటి మట్టం, ఉష్ణోగ్రత, సాంద్రత, మడ్డి శాతం. కింద రెండు సంతకాలు: పైపులైను కంపెనీ తరఫున కొలిచినవాడిది ఒకటి, బావి యజమాని మనిషిది ఒకటి. లెక్క ఎక్కువ పడితే లాభపడేవాడూ, తక్కువ పడితే లాభపడేవాడూ ఒకే టేపును పక్కపక్కన నిలబడి చూసి సంతకం పెట్టాలన్నమాట. ఒక్కడి చేతిలో లెక్క ఉండకూడదన్న సూత్రం చమురు క్షేత్రాల్లో స్థిరపడింది ఈ చీటీతోనే.

దొంగ చమురు నేర్పిన పాఠం

టెక్సాస్‌లో ఆ లెక్కలోకి ప్రభుత్వం కూడా దిగింది. 1930 అక్టోబరులో తూర్పు టెక్సాస్‌లో ‘డాడ్’ జాయినర్ అనే అన్వేషకుడి బావిలో చమురు పడ్డాక, అక్కడ అంతకుముందెన్నడూ చూడనంత పెద్ద నిక్షేపం ఉందని తేలింది. ఎవరికి వారు తోడేశారు. ఏడాది తిరిగేసరికి డాలరు పలికిన బ్యారెల్ ధర 15 సెంట్ల లోపుకు పడిపోయింది. 1931 ఆగస్టులో గవర్నర్ రాస్ స్టెర్లింగ్ నేషనల్ గార్డ్ దళాలను దింపి బావులు మూయించాడు. రైళ్లను నియంత్రించడానికి పుట్టి, అప్పటికే చమురును కూడా చూస్తున్న టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్, ఏ బావి ఎంత తియ్యాలో కోటా విధించింది.

కోటా వచ్చిందంటే దొంగలెక్క కూడా వచ్చినట్టే. పరిమితి దాటి తీసిన చమురును ‘హాట్ ఆయిల్’ అనేవాళ్లు. భూమిలో దాచిన గొట్టాలు, తిప్పితే మూసుకుపోవాల్సింది తెరుచుకునే వాల్వులు, రాత్రిపూట కదిలే ట్యాంకర్లు, ఇన్ని ఉపాయాలు. వాటిని అడ్డుకోవడానికి చివరికి 1935లో అమెరికా కాంగ్రెస్ కానలీ చట్టం తేవాల్సి వచ్చింది. కోటా మించిన చమురు రాష్ట్రం సరిహద్దు దాటడం నేరమైంది. చమురుతో పాటు దాని కాగితాలు కూడా కదలాల్సిందే.

అయినా కాగితం అన్నీ పట్టుకోలేదు. 1962లో అదే తూర్పు టెక్సాస్‌లో వందల బావులు నిటారుగా కాక ఏటవాలుగా, పక్కవాడి నిక్షేపంలోకి తవ్వినవని బయటపడింది. నెలనెలా నివేదికలు మాత్రం సవ్యంగానే దాఖలయ్యేవి. నివేదిక సరిగ్గా ఉన్నంత మాత్రాన లెక్క సరైనది కాదని, అంకె వెనక బావి ఎక్కడుందో, ఎలా ఉందో కూడా కలిపి చూడాలని నియంత్రణ సంస్థలకు తెలిసొచ్చింది. ప్రతి బావికీ విడి సంఖ్య ఇచ్చే పద్ధతి కూడా అమెరికాలో పాతుకుపోయింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఆ సంఖ్యలో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి, ఆ తర్వాతి ఐదు బావివి. బావి యజమాని మారినా, పేరు మారినా సంఖ్య మారదు. అక్కడి ఈనాటి ఉత్పత్తి డేటాబేసుల్లో చాలావాటికి వెన్నెముక ఇదే.

యంత్రానికి తాళం

కంప్యూటర్ తాళం కథ మాత్రం చమురు క్షేత్రాలకు దూరంగా, ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1961లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే వ్యవస్థను ప్రదర్శించింది. పేరు సీటీఎస్ఎస్. ఎవరి ఫైళ్లు వాళ్లకే కనపడాలి, ఎవరి సమయం వాళ్లకే లెక్కపడాలి కాబట్టి ప్రతివాళ్లకూ ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. మరుసటి ఏడాదే అది పగిలింది. వారానికి నాలుగు గంటల కోటా చాలక, అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి పాస్‌వర్డుల ఫైలునే అచ్చు వేయించుకుని ఇతరుల ఖాతాల్లోంచి పని చేసుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా తాళాల చరిత్రలో దొంగ బయటివాడి కంటే లోపలివాడే కావడం తరచూ కనిపిస్తుంది.

చమురు కంపెనీలు కంప్యూటర్లను తొందరగానే అందిపుచ్చుకున్నాయి. కానీ బావి దగ్గర కాగితం చాలాకాలం పోలేదు. ఆపరేటర్ పొద్దున్నే పీడనాలు, ట్యాంకు మట్టాలు పుస్తకంలో రాసుకుని, రేడియోలోనో ఫోనులోనో ఆఫీసుకు చదివి వినిపించేవాడు. అవతల గుమాస్తా మళ్లీ రాసుకునేవాడు. 1980లలో ఆ గుమాస్తా చేతికి స్ప్రెడ్‌షీట్ వచ్చింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్.

స్ప్రెడ్‌షీట్ పని తేలిక చేసింది, అధికారాన్ని ఒక్కచోటికి చేర్చింది. తెలుగు పల్లెల్లో 1984లో ఆ పదవి రద్దయ్యేదాకా దస్త్రాలన్నీ కరణం ఇంట్లో ఉన్నట్టే, క్షేత్రం లెక్కంతా ఒక ఇంజినీరు ఫైలులో ఉండిపోయింది. సూత్రాలు ఆయనకే తెలుసు. నిన్నటి అంకెను ఇవాళ ఎవరు మార్చారో ఫైలు చెప్పదు. ఆయన సెలవు పెడితే నెలాఖరు నివేదిక ఆగిపోతుంది.

ఒక మీటరు, మూడు బావులు

ఫైలులో దాగిన ఆ లెక్క కూడా సామాన్యమైంది కాదు. చాలా క్షేత్రాల్లో ఒక్కో బావికి ఒక్కో మీటరు ఉండదు. బావులన్నీ ఒక కేంద్రానికి పారతాయి, అమ్మకపు మీటరు చివర ఒక్కటే ఉంటుంది. అందుకని ఒక్కో బావిని వంతులవారీగా, చమురునూ గ్యాసునూ నీటినీ విడదీసి కొలిచే పరీక్షా సెపరేటర్‌కు మళ్లించి, రోజుకు ఎంత ఇస్తుందో తేలుస్తారు. ఆ రేటును బావి పారిన గంటలతో గుణించి 24తో భాగిస్తే అంచనా వస్తుంది. మూడు బావుల అంచనాలు 500, 300, 200 బ్యారెళ్లు అనుకుందాం. మొత్తం వెయ్యి. అమ్మకపు మీటరు మాత్రం 960 చూపింది. అప్పుడు ప్రతి అంచనానూ 0.96తో గుణించి 480, 288, 192గా పంచుతారు. దీన్ని అలొకేషన్ అంటారు.

మొదటి బావి ఆ రోజు ఆరు గంటలు ఆగిపోయిందనీ, ఆపరేటర్ మాత్రం 24 గంటలు పారిందని రాశాడనీ అనుకుంటే నష్టం ఎవరికి? మొత్తం ఉత్పత్తి మారదు, మీటరు చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. రెండో, మూడో బావుల ఖాతాలోంచి చమురు మొదటిదానికి పోతుంది. మూడు బావుల్లో మూడు రకాల వాటాదార్లు ఉంటే ఒకరి డబ్బు ఇంకొకరికి చేరినట్టే.

అందుకే ప్రాడ్‌వ్యూ, ఎనర్జీ కాంపోనెంట్స్, అవొసెట్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. గంటల గడిలో 25 వేస్తే తీసుకోవు. బావి మూసి ఉందన్న రోజున చమురు చూపిస్తే ఎర్రజెండా ఎగరేస్తాయి. బావి ఎందుకు ఆగిందో కారణం ఎంచుకోమంటాయి. అంకె ముందు తాత్కాలికంగా ఉండి, పర్యవేక్షకుడు సరిచూశాక నిర్ధారణ అయి, చివరికి ఆమోదం పొందుతుంది. నెల మూసేశాక గడికి తాళం పడుతుంది. అటుపై మార్చాలంటే ఎవరో అనుమతించాలి. పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు, సమయం చెరగకుండా నమోదవుతాయి.

పదవికి తాళం చెవి

ఎవరికి ఏ గడి తెరవాలన్న ప్రశ్నకు ఒక శాస్త్రీయ రూపం 1992లో వచ్చింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసే డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ ఒక పత్రంలో అనుమతులను మనిషికి కాక, అతను చేసే పనికి కట్టాలని ప్రతిపాదించారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణమైంది. ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ దొంగలెక్కలతో కుప్పకూలాక 2002లో వచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం దీనికి తోడైంది. ఆర్థిక లెక్కలకు మూలమైన వ్యవస్థలను ఎవరెవరు తాకగలరో కంపెనీలు ఆడిటర్లకు చూపించాల్సి వచ్చింది.

చమురు క్షేత్రంలో ఇది సూటిగా అమరింది. బావి ఆపరేటర్ తన స్టేషను అంకెలు రాస్తాడు, ఆమోదించలేడు. ఇంజినీరు బావి పరీక్షలు నమోదు చేస్తాడు. లెక్కల విభాగం అలొకేషన్ నడుపుతుంది, మూల అంకెలు మార్చదు. భాగస్వామి కంపెనీ తన వాటా ఉన్న బావులు మాత్రమే చూస్తుంది. ఖాతాలు తెరిచే అడ్మినిస్ట్రేటర్‌కు అంకెలు రాసే హక్కు ఉండకూడదు, ఎందుకంటే ఖాతా సృష్టించగలిగినవాడు మరో పేరుతో సంతకం కూడా పెట్టగలడు.

గోదావరి గట్టున

ఈ వాటాల వ్యవహారం మనకు దూరపు సంగతేమీ కాదు. కోనసీమలో నేల మీది బావుల నుంచి ఓఎన్‌జీసీ తీసే చమురుకూ గ్యాసుకూ రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. తీరం దాటితే ఆ రాయల్టీ కేంద్రానిది. తీరానికి దగ్గర్లో సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రానికి 1994లో ఉత్పత్తి పంపకం ఒప్పందం కుదిరింది. అందులో ఓఎన్‌జీసీకి 40 శాతం, మిగతాది ప్రైవేటు కంపెనీలది, ఆపైన ప్రభుత్వ వాటా. 2009లో సముద్రపు బ్లాకు కేజీ-డీ6 గ్యాసు తీరాన ఉన్న గాడిమొగ చేరింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు 98/2 నుంచి తొలి చమురు వచ్చింది. పక్కపక్కనే ఉన్న ఈ బావుల్లో ఒక్కోదాని రాబడి ఒక్కో రకంగా పంచాలి. ఆ పంపకానికంతటికీ ఆధారం రోజువారీ ఉత్పత్తి నివేదికే.

మూయని తలుపులు

తాళాలు ఎంత మెరుగైనా తాళం చెవులు వెనక్కి తీసుకోవడంలో పరిశ్రమ ఇంకా తడబడుతూనే ఉంది. 2008లో కాలిఫోర్నియా తీరంలో చమురు వేదికలు నడిపే ఒక కంపెనీ వ్యవస్థల్లోకి, అక్కడ కాంట్రాక్టు పని ముగిసిన కంప్యూటర్ నిపుణుడు ప్రవేశించాడు. లీకులు పసిగట్టే ఏర్పాటు కొంతకాలం పనిచేయలేదు. మరుసటి ఏడాది కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2021 మేలో అమెరికాలో పెట్రోలు మోసే కలోనియల్ పైపులైన్‌పై దాడి చేసినవాళ్లు వాడింది, ఎవరూ వాడకపోయినా మూసేయని ఒక పాత ఖాతా. దానికి పాస్‌వర్డ్ కాక అడిగే రెండో తనిఖీ కూడా లేదు. కంపెనీ పైపులైనును ఆపేయడంతో అమెరికా తూర్పు తీరంలో చాలా పెట్రోలు బంకులు ఖాళీ అయ్యాయి.

ఉద్యోగం మానేసినవాడి ఖాతా కనీసం జాబితాలో పట్టుబడుతుంది. బదిలీ అయినవాడిది ఇంకా కష్టం. కొత్త హక్కులు చేరతాయి, పాతవి పోవు. ఆపరేటర్‌గా చేరి పర్యవేక్షకుడైన మనిషి, తాను రాసిన అంకెను తానే ఆమోదించగల స్థితికి ఎవరికీ తెలియకుండానే చేరిపోతాడు. రన్ టికెట్ మీద రెండు సంతకాలూ ఒక్కడే పెట్టినట్టు. షిఫ్టంతా ఒకే లాగిన్ పంచుకోవడం మరో పాత అలవాటు. నెట్‌వర్కు నెమ్మదిగా ఉన్నప్పుడు అదే సుళువు మరి.

చాలామంది ఆపరేటర్లకు ఈ అనుమతుల గోల తమను నమ్మకపోవడంలా తోస్తుంది. తగాదా వచ్చిన రోజు మాత్రం ఇది వాళ్ల పక్షానే నిలబడుతుంది. అంకె తాను సరిగ్గానే రాశానని, ఆ తర్వాత మార్చింది వేరొకరని చెప్పుకోవడానికి ఆపరేటర్‌కు ఉన్న సాక్ష్యం ఆ మార్పుల నమోదు ఒక్కటే. తన లాగిన్ పక్కవాడికి ఇచ్చినవాడు ఆ సాక్ష్యాన్ని కూడా ఇచ్చేసుకున్నట్టే.