మా దేవదాసు

శరత్‌బాబు నవల దేవదాసు 1917లో వెలువడింది. 1935 వంగ చిత్రంలో దర్శకుడు బారువాయే దేవదాసు. ఆయన హిందీలో తీసినప్పుడు సైగల్ ఆ పాత్ర ధరించి, తన పాటలు తానే పాడుకున్నాడు. ఆ హిందీ చిత్ర ఛాయాగ్రాహకుడు బిమల్‌రాయ్ 1955లో దిలీప్‌కుమార్‌తో మళ్ళీ తీశాడు. 1974లో కృష్ణ, 2002లో షారుఖ్ ఖాన్ కూడ ఆ వేషం కట్టారు.

మా ఓటు మాత్రం 1953 నాటి నాగేశ్వరరావుకే. గొంతు ఘంటసాలది, పెదవి ఈయనది, అయినా ఇద్దరనిపించదు. వాలిన కనురెప్పలతోనే సగం కథ చెప్పేశాడు. దిలీప్ గొప్పవాడే, కాదనము. ఇక్కడి ఇరుగుపొరుగువారు "మీవాడు గనుక" అంటారు. అననీయండి! తమిళంలోనూ ఆయనేగా దేవదాసు.

నవలలో దేవదాసు చివరకు పండువా స్టేషనులో రైలు దిగి, ఎడ్లబండిలో పార్వతి ఊరికి పోతాడు. రైల్వే కొలువువారము గనుక ఆ ఘట్టమంటే మాకు మక్కువ. చదివినప్పుడల్లా ఆ రైలు దిగేది నాగేశ్వరరావే.