తప్పుకూ ఒక కొలత

రమకు ఉత్తరం రాస్తూ పైన "రమా" అని రాస్తే ఆవిడ తన ఉత్తరం కాదనుకోదు. మనిషికి కళ్ళతోపాటు కాస్త ఊహ కూడా ఉంది మరి! యంత్రానికి అది లేదు. ఒక్క గుర్తు తేడా వస్తే చాలు, అలాంటి పేరే లేదు పొమ్మంటుంది. ఆ మొండిఘటానికి సర్దుకుపోవడం నేర్పిన కథ ఇది.

అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఫ్రెడరిక్ డామెరౌ యంత్రానికి అందించే మాటల్లో దొర్లే అక్షరదోషాలను పరిశీలించాడు. వాటిలో నూటికి 80కి పైగా నాలుగే రకాలని 1964లో ప్రకటించాడు. ఒక అక్షరం మారిపోవడం, ఒకటి ఎగిరిపోవడం, ఒకటి అదనంగా చేరడం, పక్కపక్కవి తారుమారు కావడం. చూశారా, తప్పులకూ ఒక పద్ధతి ఉందన్నమాట!

మరుసటి ఏడే, 1965లో, సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ఇంకో దారిన అక్కడికే వచ్చాడు. ఆయన ధ్యాస అక్షరదోషాల మీద కాదు. సంకేతాలు పంపేటప్పుడు కొన్ని రాలిపోతాయి, కొన్ని చొరబడతాయి, కొన్ని మారిపోతాయి. వాటిని సరిచేయడమెలా అన్నదే ఆయన ప్రశ్న. ఒక మాట ఇంకో మాటగా మారడానికి కనీసం ఎన్ని దిద్దుబాట్లు కావాలో, అదే ఆ రెంటి మధ్య దూరం. పలకకు గుడి పెడితే పిలక, "ప"ను "చ" చేస్తే చిలక. కనుక పలకకూ చిలకకూ దూరం రెండు!

దూరం తెలిసింది, సరే. నిఘంటువులో లక్షల మాటలుంటే ఒక్కొక్కదానితో కొలుస్తూ కూర్చుంటే తెల్లారదూ? అందుకు ఆటోమేటన్ అనే కాగితం మీది యంత్రం అక్కరకొచ్చింది. వైకుంఠపాళిలా గళ్ళు ఊహించుకోండి. అక్షరం సరిపోతే ముందు గడికి, తప్పయితే కింది వరసకు. అనుమతించిన వరసలు దాటితే ఆట సరి. ఒకేలా మొదలయ్యే మాటలన్నీ ఒకే దారిలో ఉంటాయి గనుక, మొదట్లోనే ఆట ముగిస్తే ఆ గుంపంతా ఒక్కసారే తప్పుకుంటుంది. ఇలాంటి యంత్రాన్ని చకచకా అల్లే పద్ధతిని జర్మనీకి చెందిన క్లౌస్ షుల్జ్, బల్గేరియాకు చెందిన స్తోయాన్ మిహోవ్ కలిసి 2002లో ప్రచురించారు.

ఇంతకీ ఎన్ని తప్పులు క్షమించాలి? సున్నా అంటే రమ పేరు దొరకదు. ఒకటంటే దొరుకుతుంది, కానీ ఉమ కూడా వచ్చి నిలబడుతుంది. రమకు "రమా" ఎంత దూరమో, "ఉమ" కూడా అంతే దూరం మరి! ఆసుపత్రి చీటీలో ఈ తేడా చిన్నది కాదు. దగ్గరి పేర్లు వెతికి ముందు పెట్టడమే యంత్రం పని. "నువ్వు రమవా, ఉమవా తల్లీ?" అని అడగాల్సింది మాత్రం మనిషే.