పెర్త్‌కు రైలు తిరిగొచ్చిన దారి

ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్, కారును నమ్ముకుని పెరిగిన నగరం. 1955 నాటి స్టీఫెన్‌సన్–హెప్‌బర్న్ ప్రణాళిక విశాలమైన రహదారులకు ముందుగానే స్థలం అట్టేపెట్టింది. 1959లో స్వాన్ నది మీద నారోస్ వంతెన తెరుచుకుంది. ఆ తర్వాత పెరటి తోటలున్న ఇళ్లు తీరం వెంబడి ఉత్తరానికీ దక్షిణానికీ పాకుతూ పోయాయి. ఇలాంటి ఊళ్లో రైలుకు దిక్కెవరని పాలకులు అనుకోవడంలో వింత లేదు. ప్రయాణికులు తగ్గారు, నష్టం పెరిగిందంటూ రాష్ట్ర ప్రీమియర్ ఛార్లెస్ కోర్ట్ లిబరల్ ప్రభుత్వం, 1881 నుంచి నడుస్తున్న పెర్త్–ఫ్రీమాంటిల్ ప్యాసింజర్ రైళ్లను 1979 సెప్టెంబర్ 1తో ఆపేసి, బదులుగా బస్సులు వేసింది. ఇరాన్ విప్లవంతో ప్రపంచమంతటా పెట్రోలు ధర మండిపోతున్న ఏడాది అది. కార్ల నగరం రైలు వైపు మళ్లడం సరిగ్గా అక్కడే మొదలైందని నా వాదన. రాబోయే రైలు గురించి ఎంత గొప్పగా చెప్పినా కదలని జనం, ఉన్న రైలు పోతుంటే కదిలారు.

‘ఫ్రెండ్స్ ఆఫ్ ది రైల్వేస్’ పేరుతో పౌరులు ఏకమయ్యారు. నగర ప్రణాళికలు బోధించే పీటర్ న్యూమన్ వారి ముందు వరుసలో నిలిచారు. మూసివేతను వ్యతిరేకిస్తూ లక్షకు పైగా సంతకాలు వచ్చాయి. అప్పటికి తొమ్మిది లక్షల దరిదాపుల్లో ఉన్న జనాభాలో ఇది చిన్న సంఖ్య కాదు. సంతకం పెట్టినవాళ్లలో రైలెక్కేవాళ్లు ఎందరని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1980 ఎన్నికల్లో కోర్ట్ మళ్లీ గెలిచారు కూడా. సంతకం వేరు, ఓటు వేరు, టికెట్ వేరు. అయితే ఆ ఉద్యమం రైలును చర్చలోంచి జారిపోనివ్వలేదు, పట్టాలు పెకలించే పరిస్థితి రానివ్వలేదు. అందుకే 1983 ఫిబ్రవరిలో బ్రయాన్ బర్క్ నాయకత్వాన లేబర్ పార్టీ గెలవగానే, అదే ఏడాది జూలై 29న ఆ దారిలో రైళ్లు మళ్లీ తిరిగాయి. కొత్త మార్గం వేయాల్సి వస్తే అంత త్వరగా అయ్యే పని కాదు.

అసలు పరీక్ష ఉత్తరాన ఎదురైంది. అక్కడి శివార్లలో ఇళ్లు పలచగా ఉన్నాయి, రైలు గిట్టుబాటు కాదు, ప్రత్యేక బస్సు మార్గం చాలన్న వాదన గట్టిగానే వినిపించింది. స్టేషన్‌కు నడిచొచ్చేవాళ్లనే లెక్కిస్తే అది నిజమే. కానీ ఆ శివార్లకు వేసిన జూండలప్ మార్గాన్ని మరో లెక్కతో కట్టారు. మిచెల్ ఫ్రీవే మధ్యలోనే పట్టాలు వేశారు. స్టేషన్లను దూరదూరంగా పెట్టారు, అందుకే రైలుకు వేగం కుదిరింది. చాలాచోట్ల వీధుల్లో తిరిగే బస్సు వంతెన మీది స్టేషన్‌కు వచ్చి ఆగుతుంది. దిగినవాళ్లు ఎస్కలేటర్ మీదుగా కిందికి దిగితే, రెండు వైపులా కార్లు పరుగులు తీసే చోట ప్లాట్‌ఫాం ఉంటుంది. కారు తెచ్చుకున్నవాళ్లకు పక్కనే పార్కింగ్. 1992 డిసెంబర్‌లో ఈ మార్గం మొదలైంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న డ్రైవర్ కళ్లెదుటే రైలు దూసుకుపోతుంటే, అంతకుమించిన ప్రచారం ఏం కావాలి? జనసాంద్రత లేకపోవడం నిజమైన అడ్డంకే, కాకపోతే దాన్ని బస్సులతో దాటవచ్చని ఈ మార్గం చూపింది.

ఇదంతా లేబర్ పార్టీ ఘనతేనన్నది ఇంకో అభ్యంతరం. కానీ దక్షిణాన మాండూరా పట్టణం వరకు రైలు వేయాలన్న ప్రణాళికను 1990ల చివర్లో సిద్ధం చేసింది లిబరల్ ప్రభుత్వమే. దాని ప్రీమియర్ రిచర్డ్ కోర్ట్, ఫ్రీమాంటిల్ రైళ్లను ఆపిన ఛార్లెస్ కోర్ట్ కొడుకు! తండ్రి వద్దనుకున్నదాన్ని కొడుకు పొడిగించాలనుకునేంతగా ఇరవయ్యేళ్లలో ఓటర్ల మనసు మారిందని నేననుకుంటాను. 2001లో వచ్చిన లేబర్ ప్రభుత్వం, మంత్రి అలానా మెక్‌టియర్నన్ పట్టుదలతో, కెన్‌విక్ శివారు మీదుగా చుట్టూ తిరిగే దారిని మార్చి, క్వినానా ఫ్రీవే వెంబడి నేరుగా నగరంలోకి తెచ్చింది. దాదాపు 70 కిలోమీటర్ల ఆ మార్గం 2007 డిసెంబర్ 23న మొదలైంది. పార్టీలు దారి గురించి తగవులాడుకున్నాయే తప్ప, రైలు కావాలా వద్దా అని కాదు.

ఫ్రీవే మధ్య స్టేషన్‌కు లోపాలున్నాయి. చుట్టూ రొద, పొగ. నడిచి చేరగల దూరంలో ఇళ్లకూ దుకాణాలకూ చోటు తక్కువ. పట్టణ ప్రణాళికల నిపుణులు దీన్ని ఎత్తిచూపడం సబబే. అయినా ఉత్తర శివార్లలో ఊళ్ల నడిబొడ్డుగుండా దారి వేయాలని పట్టుబట్టి ఉంటే, భూసేకరణ ఖర్చూ ఇళ్లు పోయేవాళ్ల కోపమూ కలిసి 1992లో రైలు రాకుండానే చేసి ఉండేవి. ఉన్న రోడ్డు స్థలంలోనే వేసిన పట్టాలకు మద్దతు తేలికగా దొరికింది.